కుర్చీలో కూర్చునే కాళ్ళకు, కీళ్ళకు కసరత్తు: ఎలా చేయాలి, ఎక్కడ తప్పుతాం

"అమ్మ ఊరి నుంచి వచ్చి రెండు నెలలైందండీ. సాయంత్రమయ్యేసరికి పాదాలు బూరెల్లా పొంగుతున్నాయి. వాకింగ్‌కి పొమ్మంటే మోకాళ్ళు అంటుంది. కూర్చుని చేసేవేమైనా ఉంటే చెప్తారా?"

నేను బెంగళూరులో ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తాను. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు వైపు తెలుగువాళ్ళ ఇళ్ళే ఎక్కువ. ఫోన్లో వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయాను, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

హిందూపురం దగ్గరి పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ ఒకావిడ నాతో అన్న మాట ముందు చెప్పాలి. తొమ్మిదో అంతస్తు ఇల్లు. "ఊర్లో అయితే పొద్దున్నే కల్లాపి చల్లేది, ఎనుముల కాడికి పోయేది, మధ్యాన్నం కొట్టు కాడికి పోయేది. ఈడ ఏముంది తల్లీ? సోఫా, టీవీ, మళ్ళా సోఫా" అంది. ఆవిడ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. పోయిందల్లా రోజంతా తెలియకుండా జరిగిపోయే ఆ చిన్న చిన్న కదలికలే. అవి ఎలా పోయాయో అలాగే వెనక్కి తెచ్చుకోవాలి, అంటే కొంచెం కొంచెంగా రోజుకు చాలాసార్లు. పొద్దున అరగంట చెమటోడ్చి తర్వాత పది గంటలు సోఫాలో కూరుకుపోతే కాళ్ళ వాపుకు పెద్ద ఉపయోగం ఉండదు. ఐదేసి నిమిషాలు ఆరుసార్లు చేయండి, తేడా మీకే తెలుస్తుంది.

కారణం ఒక్క ముక్కలో చెప్తాను. రక్తాన్ని కిందికి పంపేది గుండె. పాదాల నుంచి పైకి తోసే పనిలో ఎక్కువ భాగం పిక్కలదే. పిక్క కండ బిగిసినప్పుడల్లా లోపలి సిరలు నొక్కుకుని రక్తం పైకి పోతుంది, వాటిలోని వాల్వులు దాన్ని మళ్ళీ కిందికి రానివ్వవు. పిక్క కదలకపోతే నీరు చీలమండ దగ్గర చేరుతుంది. ఇక పనిలోకి వెళ్దాం.

ముందు వీళ్ళు ఆగాలి

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉంటే కసరత్తు వద్దు. కొబ్బరినూనె రాసి మర్దన అసలే వద్దు. సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే 108కి ఫోన్ చేయండి. "రేపు చూద్దాంలే" అనుకునే విషయం కాదిది.

రెండు కాళ్ళూ వాచి, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తూ, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరిగితే గుండెదో కిడ్నీదో సంగతి తేల్చుకోవాలి. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసి, నడక ఆపి నిలబడగానే తగ్గిపోతుంటే ధమనుల్లో రక్తం సరిగా పారడం లేదేమో చూపించుకోండి. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఏ కదలికలు కూడదో సర్జన్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి. బీపీకి అమ్లోడిపిన్ వేసుకునేవాళ్ళలో కొందరికి ఆ మాత్ర వల్లే చీలమండలు వాస్తాయి. కాళ్ళు ఎంత ఆడించినా ఆ వాపు పూర్తిగా పోదు. అలాగని మీ అంతట మీరు మాత్ర మానేయకండి, డాక్టర్‌కి చెప్తే మారుస్తారు.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ తీసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో చేయకూడదు. చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే ఆపి షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి.

కావలసినవి

- చేతులున్న గట్టి కుర్చీ ఒకటి. డైనింగ్ కుర్చీకి మించింది లేదు. సోఫా పనికిరాదు, లోపలికి దిగబడిపోతారు. చక్రాల కుర్చీ ముట్టుకోవద్దు. ఇంట్లో పని చేసుకునే కొడుకు ఆఫీసు కుర్చీ ఖాళీగా ఉందని దాంట్లో కూర్చుని, లేవబోతుంటే అది టైల్స్ మీద జారిపోయి, కింద పడి మణికట్టు విరగ్గొట్టుకున్న ఒక పెద్దాయనకు నేనే మూడు నెలలు చేయించాను.
- పాదాలు నేలకు అందకపోతే కింద వేసుకోవడానికి ఒక పీట. పీట లేకపోతే పాత పేపర్లు కట్టగా గట్టిగా కట్టి పెట్టండి. పాదాలు గాల్లో వేలాడుతుంటే తొడ కింద అంచు ఒత్తుకుని రక్తం ఆడదు, చేసిందంతా వృథా.
- చేతి తువ్వాలు, పాత నూలు గుడ్డ, టైలర్ టేపు.

కుర్చీ వెనక భాగం గోడకు ఆనించండి. సాక్సులు తీసేయండి. డిసెంబరులో ఇక్కడి చలికి అందరూ సాక్సులు వేసుకుంటారు, ఫ్లాట్లలో వేసే నున్నటి టైల్స్ మీద అవి జారతాయి. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి దోపుకోవాలి. లేచేటప్పుడు కాలి కింద కుచ్చిళ్ళు పడి ముందుకు తూలడం నేను కళ్ళారా చూశాను.

ఎలా చేయాలి

1. కూర్చునే తీరు. పిరుదులు బాగా వెనక్కి జరిపి, వీపు ఆనించకుండా నిటారుగా కూర్చోండి. పాదాలు రెండూ జానెడు ఎడంగా, నేలకు పూర్తిగా ఆనాలి. కాలు మీద కాలు వద్దు. ముక్కుతో గాలి పీల్చి నోటితో మెల్లగా వదలండి, నాలుగుసార్లు.

2. పాదాల తొక్కుడు. మొత్తంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. మడమలు నేలకు ఆనించి ఉంచి, వేళ్ళు మీవైపు ఎంత వస్తే అంత పైకి లాగండి. పిక్క సాగుతున్నట్టు తెలియాలి. మూడు లెక్కపెట్టి దించండి. ఇప్పుడు మునివేళ్ళు ఆనించి మడమలు పైకెత్తండి. పిక్క ముడుచుకున్నట్టు తెలియాలి. మళ్ళీ మూడు. ఇలా 20 సార్లు.

ఒకావిడ ఇది చూడగానే "ఓస్, కుట్టుమిషన్ తొక్కడమేగా!" అంది. ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టిన మనిషి. సరిగ్గా అదే కదలిక, అందుకే నేనిప్పుడు అందరికీ అలాగే చెప్తున్నాను. కాకపోతే మిషన్ వేగం మాత్రం వద్దు. గబగబా టకటకలాడిస్తే పాదం సగమే కదులుతుంది, పిక్క పూర్తిగా బిగియదు. సరిగ్గా చేస్తున్నారో లేదో తెలియాలంటే ఒక చెయ్యి పిక్క మీద వేసి ఉంచండి. మడమ లేచినప్పుడు కండ గట్టిపడి, దించినప్పుడు వదులవ్వాలి. చేతికి ఏమీ తెలియకపోతే మీరు వేళ్ళు మాత్రమే ఆడిస్తున్నారని అర్థం.

మధ్యలో పిక్క పట్టేస్తే కంగారుపడకండి. కాలు ముందుకు చాచి వేళ్ళు మీవైపు లాగి అలాగే ఉంచితే అర నిమిషంలో వదులుతుంది.

3. చీలమండ తిప్పడం. ఒక కాలు కొంచెం ఎత్తి, బొటనవేలితో గాల్లో పెద్ద సున్నా చుట్టండి. అటు ఐదు, ఇటు ఐదు. కాలు ఎత్తలేనివాళ్ళు మడమ నేలకు ఆనించే తిప్పొచ్చు. సున్నా చుట్టమంటే చాలామంది మోకాలంతా తిప్పేస్తారు, మోకాలు కదలకూడదు.

4. మోకాలు చాచడం. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఇది ప్రాణం, కానీ తప్పుగా చేసేదీ దీన్నే. తొడ కుర్చీ మీదే ఉంచి కాలిని మెల్లగా ముందుకు చాచండి. వేళ్ళు మీవైపు లాగి, మోకాలు వీలైనంత తిన్నగా చేసి ఐదు లెక్కపెట్టండి. ఇప్పుడు తొడ పైభాగాన్ని చేత్తో నొక్కి చూడండి. చపాతీ పీటలా గట్టిగా తగలాలి. కలిపిన పిండిలా మెత్తగా తగిలితే కాలు లేచిందే గానీ కండ పని చేయలేదు. తర్వాత మూడు లెక్కపెడుతూ దించండి. దబ్బున వదిలేయకండి. దించేటప్పుడు కండ చేసే పని ఎత్తేటప్పటికేమీ తీసిపోదు. ఒక్కో కాలికి 8 నుంచి 10 సార్లు.

చాలామంది చేసే తప్పు వీపు వెనక్కి వాల్చేయడం. అలా వాలితే కాలు ఎత్తుగా లేచినట్టు కనిపిస్తుంది గానీ తొడ వెనక కండ సాగకుండా తప్పించుకుంటుంది అంతే. కాలు తక్కువ ఎత్తు లేచినా సరే, నడుం మాత్రం నిటారుగా ఉండాలి.

మోకాలు తిన్నగా చాస్తే నొప్పి అంటారా? సగం వరకే చాచండి. అదీ కష్టమైతే పాదం కింద పాత నూలు గుడ్డ వేసి, టైల్స్ మీద ముందుకూ వెనక్కీ జార్చండి. నున్నటి నేల పనికొచ్చేది ఇక్కడ ఒక్కచోటే. మోకాల్లో టక్కుమని చప్పుడు వస్తే, నొప్పి లేనంత వరకు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మోకాలు వాచి వేడిగా ఉన్న రోజు మాత్రం ఈ ఒక్కటి వదిలేయండి.

5. కూర్చుని నడక. కుర్చీ చేతులు పట్టుకుని కుడి మోకాలు, ఎడమ మోకాలు మార్చి మార్చి నాలుగంగుళాలు ఎత్తండి. అర నిమిషం చాలు. చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట కూడా తెగుతుంటే వేగం తగ్గించండి.

6. చేతులు. పిడికిలి మెల్లగా మూసి, వేళ్ళు పూర్తిగా విప్పండి, పది సార్లు. తర్వాత బొటనవేలితో ఒక్కో వేలి కొసనూ తాకండి. మణికట్లు అటూ ఇటూ తిప్పండి. పొద్దున వేళ్ళు బిర్రబిగిసి ఉంటే ముందు ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. బంతి పిసకడం అందరికీ మంచిది కాదు, వేలి కీళ్ళు వాచి ఉన్నప్పుడు గట్టిగా పిసికితే ఇంకా నొప్పి. రోజూ పొద్దున అరగంట దాటినా బిగుతు వదలకుండా, వేలి కీళ్ళు వాస్తూ ఉంటే దాన్ని వయసు మీదికి తోసేయకుండా కీళ్ళవాత డాక్టర్‌కి చూపించండి.

7. భుజాలు. భుజాలు చెవుల దాకా ఎత్తి, వెనక్కి తిప్పి దించండి, ఐదు సార్లు. తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని ఒడిలోంచి నొప్పి లేనంత ఎత్తుకు లేపి దించండి, మరో ఐదు. షుగర్ ఉన్నవాళ్ళకు భుజం పట్టేయడం ఎక్కువ. జాకెట్ హుక్కు పెట్టుకోవడానికో, జేబులో పర్సు తీయడానికో చెయ్యి వెనక్కి పోవడం లేదంటే అప్పుడే మొదలుపెట్టాలి.

8. మెడ. కుడికి తిప్పి చూసి మధ్యకు, ఎడమకు చూసి మధ్యకు. మూడేసి సార్లు చాలు. మెడను గుండ్రంగా తిప్పొద్దు. టీవీలో చూసి అలా తిప్పి కళ్ళు తిరిగినవాళ్ళను చూశాను. ఎముకలు పెళుసుబారాయని డాక్టర్ చెప్పినవాళ్ళు ముందుకు బాగా వంగి నడుం మెలితిప్పేవి ఏవీ చేయకండి.

9. లేచి కూర్చోవడం. ఇది పేరుకు కూర్చుని చేసేది కాదు గానీ, దీన్ని వదిలేస్తే బాత్రూమ్‌లో లేవడానికి ఒకరి సాయం కావాల్సిన రోజు త్వరగా వస్తుంది. కుర్చీ అంచుకు జరగండి. పాదాలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి లాగండి. ముక్కు మునివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబట్టి లేస్తే బీపీ ఎగుస్తుంది. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగండి, కూలబడొద్దు. ఐదు సార్లతో మొదలుపెట్టండి.

లేవలేకపోతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, కుర్చీ చేతుల మీద నొక్కుకుని లేవండి. వారం వారం చేతుల సాయం తగ్గించుకుంటూ రండి. లేవగానే కళ్ళు బైర్లు కమ్మితే కూర్చోండి. ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, బీపీ మందు మోతాదు చూడాల్సి రావచ్చు. మొదటి వారం పక్కన ఒక మనిషి ఉండడం మంచిది.

ఎప్పుడెప్పుడు చేయాలి

మొత్తం వరుస రోజుకు ఒక్కసారి, పొద్దున కాఫీ తాగి కాసేపాగాక (పైన చెప్పిన షుగర్ మందులవాళ్ళు ఏమైనా తిన్నాకే). మిగతా సమయంలో రెండో అంకె, నాలుగో అంకె చాలు, కూర్చుని గంటైనప్పుడల్లా. అలారం పెడితే రెండో రోజే విసుగొచ్చి ఆపేస్తారు. సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడు, కుక్కర్ విజిల్ కోసం చూస్తున్నప్పుడు, మనవడి వీడియో కాల్ మాట్లాడుతున్నప్పుడు చేయమనండి. కడుపునిండా భోంచేశాక గంట దాకా పాదాల తొక్కుడు తప్ప వేరేవి వద్దు.

అమ్మ కోసం ఇది చదువుతున్న మీక్కూడా ఒక మాట. సిల్క్ బోర్డు దగ్గర క్యాబులో ఇరుక్కున్న ముప్పావు గంటలో రెండో అంకె ఎన్నిసార్లు చేయొచ్చో మీరే లెక్కేసుకోండి. స్టీరింగ్ మీ చేతిలో ఉంటే మాత్రం వద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటి రోజు హుషారు. కొత్త కదా అని మూడు రెట్లు చేసేసి, మర్నాడు మంచం దిగలేక "ఈ కసరత్తులు నాకు పడవు" అని తేల్చేస్తారు. గుర్తు ఇదీ: చేశాక పెరిగిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే మీరు ఎక్కువ చేశారన్నమాట. మర్నాడు మానకండి, సగం చేయండి.

ఇంకొకటి, నొప్పి ఉన్న కాలితోనే చేయడం. రెండో కాలు ఊరికే కూర్చుంటే అదీ బిగుసుకుంటుంది.

షుగర్ వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు పీట అంచు ఒత్తుకున్నా గ్రహించరు. అయ్యాక అరికాళ్ళు తిప్పి చూసుకోండి, వంగలేకపోతే ఫోన్‌తో ఫొటో తీసి చూడండి.

వాపు తగ్గాలని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళూ ఉన్నారు. డాక్టర్ నీళ్ళు తగ్గించమంటే తప్ప అలా చేయకండి. తగ్గించాల్సింది ఉప్పు, మరీ ముఖ్యంగా ఆవకాయ, అప్పడాలు. ఈ మాట చెప్పినందుకు నాకు కొన్ని ఇళ్ళలో కాఫీ ఆగిపోయింది.

పని చేస్తోందో లేదో చూడటం

మొదటి రోజే కొలతలు తీసి క్యాలెండర్ మీద రాసుకోండి, తర్వాత నాలుగు వారాలకోసారి.

వాపు: సాయంత్రం ఒకే వేళకు, ముంగాలి ఎముక మీద చీలమండకు కాస్త పైన బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడిందా, పడితే ఎంతసేపటికి పూడింది? టేపుతో పిక్క లావు కూడా కొలవండి. మోకాలి చిప్ప కింద తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ అక్కడే. కొత్తగా రెండు కాళ్ళకూ మధ్య 3 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే పైన రాసిన రక్తం గడ్డ సంగతి గుర్తు తెచ్చుకోండి.

కాళ్ళ బలం: 17 అంగుళాల ఎత్తు కుర్చీలో చేతులు ఛాతీ మీద కట్టుకుని కూర్చోండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో ఎవరినైనా లెక్కపెట్టమనండి. అమెరికాలోని సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం 60-64 ఏళ్ళలో ఆడవాళ్ళు 12, మగవాళ్ళు 14 కంటే తక్కువ చేస్తే సగటు కన్నా వెనకబడ్డట్టు. 70-74లో ఆ అంకెలు 10, 12. 80-84లో 9, 10. చేతులు ఆనించి లేస్తే లెక్క సున్నా. సున్నా వచ్చిందని దిగులు పడకండి. హిందూపురం పెద్దావిడకూ మొదటిసారి సున్నాయే. నాలుగు వారాలకు ఆరు వచ్చాయి, ఏడోది లేవబోతూ నవ్వొచ్చి కూర్చుండిపోయింది.

వారం రోజుల్లో వాపు కొంచెమైనా మారకపోతే, లేదా రాత్రి పడుకుని లేచాక కూడా పొద్దున్నే అలాగే ఉంటే కసరత్తు పెంచకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు

దసరాకో సంక్రాంతికో రాత్రంతా బస్సులో విజయవాడో హైదరాబాదో వెళ్తారు కదా. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చునే ప్రయాణంలో సిరల్లో రక్తం గడ్డ కట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానానికే కాదు, బస్సుకీ రైలుకీ కారుకీ అదే లెక్క. భయపడేంత పెద్ద ముప్పేమీ కాదు గానీ, ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు ముందుగా డాక్టర్‌ని అడగాలి. మిగతావాళ్ళు మెలకువగా ఉన్నంతసేపు అరగంటకోసారి పాదాల తొక్కుడు 20 సార్లు చేస్తూ, బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నాలుగడుగులు వేస్తే చాలు. టికెట్ తీసేటప్పుడు కిటికీ పక్కది కాకుండా నడిచే దారి పక్క సీటు తీయండి, సంచులు కాళ్ళ దగ్గర పెట్టనివ్వకండి.